తప్పుల్లేవని తిప్పి పంపాను

కంప్యూటర్లో తెలుగు రాస్తుంటే కొన్ని మాటల కింద ఎర్రగీత పడుతుంది. ఆ గీతలు గీయించే పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. సరైన మాట కింద గీత పడినప్పుడు మీరు తిట్టుకున్న తిట్లలో నా వాటా నాకు చేరే ఉంటుంది. అయితే నా ఉద్యోగంలో నేను గీసిన అతి పెద్ద తప్పుగీత ఏ మాట కిందా పడలేదు. ఒక మనిషి కింద పడింది. ఆ సంగతి చెబుతాను. ఇప్పుడిప్పుడే ఈ పనుల్లోకి వస్తున్న పిల్లలకు పనికొస్తే సంతోషం, లేకపోతే నవ్వుకోవడానికైనా ఉంటుంది.

మాది బాన్సువాడ. చదువయ్యాక హైదరాబాదులో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేరాను. చేతిలో ఎర్రపెన్ను, ముందర తడి సిరా వాసన కొట్టే కాగితాలు. పెళ్లిపత్రికల్లో వధువు పేరు తప్పు పోకుండా, పాఠ్యపుస్తకాల్లో ‘భారం’ బారెడు కాకుండా చూడటం నా పని. తప్పు కనిపిస్తే చేయి ఊరుకునేది కాదు. బస్సు మీద రాసిన ఊరి పేరులో దీర్ఘం లేదని ఒకసారి కండక్టరుతో వాదించి, ఆ బస్సు ఎక్కలేకపోయాను.

ప్రెస్సులో మా విభాగం మూతపడ్డప్పుడు నాకు నలభై దాటాయి. తెలుగు సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు, అక్షరదోషాలు తెలిసిన మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. అక్కడి పెద్ద ఇంజనీరు ఒకాయన నా చేత కోడ్ రాయించాడు. నేను మొదటిసారి రాసింది పన్నెండు వరుసలు. దాన్ని ఆయన తొమ్మిదిసార్లు తిప్పి పంపాడు, తొమ్మిదిసార్లూ పక్కన కూర్చుని ఎందుకో చెప్పాడు. తనే చేసుకుంటే చాయ్ చల్లారేలోపు అయ్యే పని. ఈయనకు వేరే పని లేదు కాబోలు అనుకున్నాను.

ఆ కంపెనీ కూడా ఎక్కువ కాలం నడవలేదు. మూసేముందు మాత్రం ఒక మంచి పని చేశారు. మా అక్షరదోషాల ప్రోగ్రామునూ, దానితోపాటు ఉన్న పదకోశాన్నీ ఓపెన్ సోర్స్ చేశారు. అంటే దాని లోపలి కోడ్ అంతా అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు, ఎవరైనా తప్పు దిద్ది ఆ మార్పు పంపవచ్చు. పంపినదాన్ని చూసి, బాగుంటే కలిపేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఒక ట్రస్టు వాళ్లు ఆ ఖర్చు భరించడానికి ఒప్పుకున్నారు. నేను బాన్సువాడకు తిరిగొచ్చి, బిచ్కుంద పోయే రోడ్డు మీద విత్తనాల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని ఆ పనిలో కూర్చున్నాను.

నాతోపాటు ఒక ఇంజనీరు ఉండేది. మహమ్మద్ నగర్ దగ్గర ఒక క్యాంపు నుంచి వారానికి రెండు రోజులు స్కూటీ మీద వచ్చేది. కాలువ నీళ్లున్న పొలాల కోసం తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. ఆమె ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది, కానీ మాట మాత్రం ఇంకా గోదావరి దాటి రాలేదు. నన్ను ‘మాస్టారూ’ అనేది. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, కోడ్‌లో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. సొరకాయ రాయాలా ఆనిగెపుకాయ రాయాలా అని మేమిద్దరం ఒక పూటంతా కొట్లాడి, రెండూ రాసి, మధ్యాహ్నం ఆమె తెచ్చిన డబ్బాలో ఆ కూరే తిన్నాం.

మా పనిలో ఒక ఆచారం ఉండేది. చిన్న చిన్న పనులు మేం చేసేవాళ్లం కాదు. ఒక మాట చేర్చడం, ఒక అక్షరం దిద్దడం లాంటివి ‘కొత్తవాళ్లకు’ అని పేరుపెట్టి ఒక పట్టికలో వదిలేసేవాళ్లం. ఎవరో ఒక విద్యార్థి వచ్చి దాన్ని పట్టుకుని, తప్పు చేసి, అడిగి, మళ్లీ తప్పు చేసి, చివరికి దిద్దేవాడు. అలా వచ్చిన పదిమందిలో ఒకరో ఇద్దరో నిలిచేవారు.

అంతలో ఏఐ వచ్చింది.

మొదట మాకు తెలియలేదు. ఒక్కసారిగా మా మీద లోకానికి ప్రేమ పుట్టిందనుకున్నాం. పట్టికలో పని పెట్టిన పది నిమిషాలకే నలుగురు దిద్ది పంపేవారు. ప్రతి ఉత్తరం ‘మీ అమూల్యమైన ప్రాజెక్టుకు నా వినమ్ర సహకారం’ అని మొదలయ్యేది. ముప్పై ఏళ్లలో నన్ను ఎవరూ అంత గౌరవించలేదు. నేను ఒకటికి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

తర్వాత లోపల ఏముందో చదవడం మొదలుపెట్టాం. తెలంగాణ మాటలు చేర్చమని పట్టికలో రాసి ఉంటే ఒకాయన ‘జర’ అనే మాట పంపాడు. అర్థం: ముసలితనం. మన దగ్గర ‘జర’ అంటే కొంచెం. ముసలితనమన్నదీ తప్పు కాదు, సంస్కృతంలో అంతే. కానీ దాని కింద ఉదాహరణ ఇలా ఉంది: ‘జర ఆగు, నేనొస్త. అనగా, ఓ వృద్ధాప్యమా, ఆగుము, నేను కూడా వచ్చెదను.’ ఇంకొకరు ‘తొక్కు’ పంపారు. మనం అన్నంలో కలుపుకునే తొక్కు, అంటే పచ్చడి. ‘అవ్వ అన్నంల తొక్కు ఏసింది’ అన్న వాక్యానికి, అవ్వ అన్నంలో కాలు వేసి తొక్కిందని వివరణ. ఇంజనీరు అది చదివి స్కూటీ తాళం బల్ల మీద పెట్టి, కొంచెంసేపు కిటికీలోంచి రోడ్డును చూస్తూ కూర్చుంది.

నవ్వు వారం రోజులే. ఒక్కోటి చూసి, ఎందుకు తప్పో రాసి పంపితే, ‘మీరు చెప్పింది అక్షరాలా నిజం, క్షమించండి’ అని నిమిషంలో జవాబు వచ్చేది. దానితోపాటు అదే తప్పు వేరే చోట పెట్టిన కొత్త మార్పు వచ్చేది. పంపేవాడికి నిమిషం, చూసేవాళ్లకు గంట. నిజంగా నేర్చుకుందామని వచ్చిన ఒకరిద్దరు ఈ గుంపులో ఎక్కడో వెనక నిలబడి, వాళ్ల వంతు రాక వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిపోయిన సంగతి మాకు రెండు నెలల తర్వాత తెలిసింది.

ఈ గొడవలో నాకొక ఆణిముత్యం దొరికాడు. హైదరాబాదు హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రవాడు. రోజుకు ఐదారు మాటలు పంపేవాడు, ఏది చెప్పినా వినేవాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇన్నేళ్లలో ఇలాంటి శిష్యుణ్ణి చూడలేదని ఇంజనీరుతో అన్నాను. అతను పంపిన ఇరవై మాటలు నేనే దగ్గరుండి కలిపాను. ఆ సంతోషంలో అతనికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నా ప్రెస్సు రోజులు, నన్ను తొమ్మిదిసార్లు తిప్పి పంపిన పెద్దాయన, నలభై దాటాక నేర్చుకోవడంలో ఉన్న సిగ్గు, అన్నీ రాశాను. రాస్తూ రెండుచోట్ల కళ్లు తుడుచుకున్నాను. జవాబు మూడు ముక్కల్లో వచ్చింది. ఒకటి, మీ ప్రయాణం స్ఫూర్తిదాయకం. రెండు, పట్టుదల విజయానికి కీలకం. మూడు, మీకు ఇంకేమైనా సహాయం కావాలా?

ఇంజనీరు ఆ జవాబు చదివి, ఒకసారి ఫోన్ చేసి మాట్లాడమంది. ఉత్తరం కింద అతని నంబరు ఉంది, చేశాను.

“బాన్సువాడ నుంచి మాట్లాడుతున్న బాబూ, పదకోశం గురించి,” అన్నాను.

“ఏ కోశం సార్?”

నేను విడమరిచి చెప్పాను. అతను కాసేపు వెతుక్కుని, ఆ నెలలో ముప్పైకి పైగా ప్రాజెక్టులకు మార్పులు పంపానని, అన్నీ గుర్తుండవని, మార్పులూ జవాబులూ ఏఐయే చూసుకుంటుందని చెప్పాడు. ఉద్యోగం దరఖాస్తులో చూపించుకోవడానికట. మా ఉత్తరాలేవీ అతను చదవలేదు. అబద్ధం ఆడలేదు, ఆ మాటకు మెచ్చుకోవాలి. చివర్లో కొంచెం ఆదుర్దాగా అడిగాడు.

“మీ లెటర్‌కు రిప్లయ్ మంచిగనే వచ్చింది గద సార్?”

మంచిగనే వచ్చిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాతే, ఏఐ రాసినవి తీసుకోకూడదని నియమం పెట్టే మాట వచ్చింది. మొదట నేనే అడ్డం చెప్పాను. మార్పు సరిగ్గా ఉంటే ఎవరు రాస్తే మనకేమి, మిషిన్ రాస్తే ఏం పోయింది అన్నాను. ఇంజనీరు టిఫిన్ డబ్బా మూత పెడుతూ నెమ్మదిగానే చెప్పింది.

“మనకి పదాలు కాదండీ మాస్టారూ కావలసింది. పదాలు చేర్చగలిగే మనుషులు. ఆ చిన్న పనులు మనమే చేసుకుంటే పావుగంట పట్టదు. అయినా ఎందుకు వదిలేస్తున్నాం? రేపు మీరూ నేనూ లేకపోతే దీన్ని చూసేవాళ్లు కావాలని. చిన్న పని మిషనుకిచ్చేస్తే, పెద్ద పని నేర్చుకునేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడండీ?”

తొమ్మిదిసార్లు పక్కన కూర్చున్న పెద్దాయనకు వేరే పని లేక కాదని నాకు అప్పుడు తట్టింది. పన్నెండేళ్లు ఆలస్యంగా.

నియమం రాసే పని నాకు అప్పగించింది. ఇక్కడ నా నిర్వాకం ఒకటి చెప్పాలి. ఎండ మండిపోతోంది, కరెంటు వచ్చి పోతోంది, నాకు బద్ధకంగా ఉంది. ఏఐ రాసిన మార్పులు వద్దనే నియమాన్ని ఏఐనే రాసిపెట్టమన్నాను. చక్కగా రాసింది. మర్నాడు ఇంజనీరు మొదటి వాక్యం చదివింది: ‘నేటి డిజిటల్ యుగంలో మానవ సృజనాత్మకత ఎంతో ప్రాముఖ్యతను సంతరించుకుంది.’ ఆమె నా వైపు చూసింది. నేను విత్తనాల దుకాణం క్యాలెండరు వైపు చూశాను. తర్వాత ఆ కాగితం వెనకవైపు తనే పెన్నుతో నాలుగు వాక్యాలు రాసింది. ‘ఏఐ చేత రాయించిన మార్పులు తీసుకోము. పంపినవారు ప్రతి వరుసా ఎందుకో చెప్పగలగాలి. కొత్తవాళ్ల పట్టికలోని పనులు నేర్చుకునే మనుషుల కోసమే. అనుమానం వస్తే ముందు అడుగుతాము, తర్వాతే నిర్ణయిస్తాము.’ అంతే. దాన్నే ప్రాజెక్టు పేజీ మీద పెట్టాం.

కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలు పెద్దవి. నియమానికి అడ్డం చెప్పిన నేనే దానికి కాపలాదారుణ్ణయ్యాను. మిషిన్ రాతను పట్టుకునే గుర్తులు కొన్ని కనిపెట్టాను. మరీ మర్యాదగా ఉంటే మిషిన్. వాక్యాలన్నీ ఒకే పొడవుంటే మిషిన్. అన్నిటికంటే పెద్ద గుర్తు, అక్షరదోషం ఒక్కటి కూడా లేకపోవడం. మనుషులైతే ఎక్కడో ఒక ఒత్తు మింగుతారు, దీర్ఘం మరిచిపోతారు. ముప్పై ఏళ్లు తప్పు కనిపిస్తే గీత కొట్టినవాణ్ణి, ఇప్పుడు తప్పు కనిపించకపోతే గీత కొట్టడం మొదలుపెట్టాను. తప్పులతో ఉత్తరం వస్తే ప్రాణం లేచొచ్చేది. ఒకాయన ‘నమస్కారం’ కూడా తప్పు రాశాడు. ఆయనకు వెంటనే జవాబిచ్చాను.

అలాంటి రోజుల్లో ఒక మార్పు వచ్చింది. నలభై మాటలు, వాటితోపాటు ఒక చిన్న కోడ్. మన దగ్గర ఇంట్లో, ఊర్లో అనకుండా ఇంట్ల, ఊర్ల అంటాం గదా, ఆ ‘ల’ చేరిన మాటల కింద ఎర్రగీత పడకుండా చేసే కోడ్. పంపింది ఒక అమ్మాయి. ‘గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కరించి వ్రాయునది’ అని ఉత్తరం. అరసున్నా తప్ప అన్నీ ఉన్నాయి. రెండు పేజీల్లో ఒక్క దోషం లేదు. భూతద్దం పెట్టి వెతికినట్టు వెతికాను. లేదు.

‘ఇది యంత్రం రాసినది. ఇక్కడ మనుషులకు మాత్రమే ప్రవేశం’ అని రాసి, ఆ మార్పును తిప్పి పంపాను.

ఆమె గంటలో జవాబు రాసింది: ‘అయ్యా, నేను మనిషిని.’

‘యంత్రాలు కూడా అలాగే అంటాయి’ అని నేను రాశాను. రాసి, బాగుందనుకుని, చాయ్ తాగడానికి కిందికి దిగాను.

అడగకుండా నిర్ణయించకూడదని మేం రాసుకున్న నాలుగో వాక్యం నాకు గుర్తు రాలేదు. ఈ మాటలన్నీ లోకం మొత్తానికి కనిపించేచోట రాశానన్నది కూడా గుర్తు రాలేదు.

ఆరో రోజు పొద్దున పదకొండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఒక అమ్మాయి, ఆమె వెనక గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒక అవ్వ. పెద్ద కొడప్‌గల్ దగ్గర తండా నుంచి అవ్వ కంటి పరీక్ష కోసం బాన్సువాడ దవాఖానకు వచ్చారట. అటునుంచి ఇటు వచ్చారు. గది చిరునామా ప్రాజెక్టు పేజీ మీదే ఉంది. అమ్మాయి తన పేరు చెప్పింది. నేను తిప్పి పంపిన ఉత్తరం కింద ఉన్న పేరే అది. ఇంజనీరు కూడా ఆ రోజు గదిలోనే ఉంది.

అవ్వ కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“నా మనుమరాలిని మనిషి గాదన్నది నువ్వేనా సారు?”

“నేనే అవ్వా,” అన్నాను.

“ఏమిటికి గాదు?”

ఏమని చెప్పాలి? మిషిన్లు తప్పుల్లేకుండా రాస్తాయని, ఈ పిల్ల కూడా తప్పుల్లేకుండా రాసిందని, అందుకని పొరబడ్డానని నాకు తోచినట్టు చెప్పాను. అవ్వ అంతా విన్నది.

“తప్పుల్లేకుంటె తప్పా?” అని అడిగింది. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

“ముందు వాళ్లకి మంచినీళ్లివ్వండి మాస్టారూ,” అంది ఇంజనీరు. నన్ను బయటపడేయడానికి అందో, అక్కడ నిలబెట్టడానికి అందో తెలియదు.

నేను నీళ్ల సీసా అందిస్తుంటే అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. బాన్సువాడలో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు తేలికయ్యేది.

“మా ఇంట్ల లంబాడీ మాట్లాడ్తం సార్. తెలుగు నాకు బళ్లె నేర్చుకున్న భాష. తండా పిల్లలకు తెలుగు రాదంటరని, ఒక్క ఒత్తు గూడ తప్పు పోకుండ నేర్చుకున్న. రాసి నాలుగుసార్లు చూసుకుంట. ఇంట్ల తెలుగున్నోళ్ల తీర్గ ఇష్టమున్నట్టు తప్పులు రాసే ధైర్యం నాకు లేదు.”

నేను కూర్చున్నాను. కుర్చీలో అవ్వ ఉంది కాబట్టి, పాత ప్రింటరు పెట్టె మీద కూర్చున్నాను.

ఆమె ఇంకొన్ని చెప్పింది. నేను రాసిన జవాబును కాలేజీలో ఎవరో ఫోన్లలో తిప్పారు. క్లాసులో ఇప్పుడు ఆమె పేరు ‘మిషిన్’. హైదరాబాదులో ఒక ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంది. వాళ్లెవరైనా ఆమె పేరు కొట్టి చూస్తే ముందుగా వచ్చేది నా వాక్యమే. నేను చాయ్ తాగడానికి దిగినప్పుడు బాగుందనుకున్న వాక్యం.

నేను క్షమించమన్నాను. వెంటనే ఆ మాటలు తుడిపేస్తానని, ఆమె మార్పు ఇప్పుడే కలిపేస్తానని కంప్యూటరు వైపు తిరిగాను. ఆమె ఆపింది.

“ఊకెనే కలపకుండ్రి సార్. మీ నియమంల ఉన్నట్టు అడుగుండ్రి. ప్రతి లైను ఎందుకో చెప్త.”

అప్పుడు ఆ గదిలో పరీక్ష మొదలైంది. ఇంజనీరు అడిగేది, అమ్మాయి చెప్పేది. ఈ మాట ఎక్కడ విన్నావు, ఈ వరుస ఎందుకు రాశావు, ‘ల’ చేరితే ముందరి అక్షరం ఎందుకు మారింది? ఒక్కోదానికి తడబడకుండా జవాబు చెప్పింది. తప్పు దారిలో వెళ్లి వెనక్కి వచ్చిన చోట్లు కూడా చెప్పింది. వినేకొద్దీ నేను ప్రింటరు పెట్టె మీద కుంగిపోతున్నాను. అది కొంత నా బరువుకు కూడా కుంగుతోంది.

చివరికి ఒక్క వరుస దగ్గర ఆగింది. ఆ వరుసకు అర్థం ఇది: ఈ రోజు మంగళవారమైతే మాటల పట్టికను రెండోసారి చదువు.

“ఇది మాత్రం నాకు తెల్వది మేడమ్,” అంది అమ్మాయి. “మీ పాత ఫైళ్లన్నిట్ల ఉన్నది. పెట్టకుంటె ఏమన్న అయితదేమోనని నేను గూడ పెట్టిన.”

ఇంజనీరు పాత ఫైలు తెరిచి, ఆ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చూసింది. ఆ లెక్క కంప్యూటరు దాచిపెడుతుంది. రాసింది నేను.

“ఎందుకు రాశారు మాస్టారూ?” అంది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మంగళవారం నాడు ఆ కంపెనీలో ఏం జరిగేదో, నేనే భయంతో ఆ పని చేశానో, దేవుడికే తెలియాలి. ప్రతి వరుసా ఎందుకో చెప్పలేనివారి మార్పు తీసుకోమన్న నియమం ప్రకారం ఆ గదిలో పట్టుబడ్డ మనిషిని నేనొక్కణ్ణే. ఆ వరుస తీసేశాం. మంగళవారం వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు.

అవ్వకు ఈ మాటలేవీ పట్టలేదు. మాటల పట్టిక అన్నది మాత్రం చెవిన పడింది. ఏం మాటలు అని అడిగింది. తెలంగాణ మాటలని చెప్పాను. బతుకంతా చుట్టుపక్కల ఊళ్లలో నాట్లకూ కోతలకూ పోయిన మనిషి, ఇంట్లో భాష వేరైనా మాకంటే ఎక్కువ మాటలు విన్నది. మనుమరాలు పంపిన నలభై మాటల్లో సగానికి ఆమే మూలం. అప్పుడు ఇంజనీరుకు ఒక ఆలోచన వచ్చింది. నా ఆణిముత్యం పంపగా నేను దగ్గరుండి కలిపిన ఇరవై మాటలు ఒక్కోటీ అవ్వకు చదివి వినిపించింది.

మొదటి రెండింటికి అవ్వ తలూపింది. మూడోది ‘అంబలిక’. వేసవిలో తాగే పానీయమని పక్కన రాసి ఉంది.

“అంబలి ఎరుకే. అంబలిక ఏంది?”

“అదే అవ్వా, తెలంగాణల అంటరట,” అన్నాను, గొంతు తగ్గించి.

“ఎవరంటరు?”

ఎవరూ అనరు. పుట్టని మాటలు. ఇరవైలో పదహారు అలాంటివే. నాలుగు నెలలుగా ఆ మాటలు మా పదకోశంలో కూర్చుని ఉన్నాయి. నిజమైన నలభై మాటల్ని మిషిన్ మాటలని బయటికి నెట్టినవాణ్ణి, మిషిన్ పుట్టించిన పదహారు మాటలకు కుర్చీ వేశాను. ‘పొలముచ్చట’ అనే మాట దగ్గర మాత్రం అవ్వ ఆగింది. ఆ మాట లేదు గని మంచిగున్నది, ఉండనీయమంది. ఇంజనీరు కుదరదంది. అవ్వ ఇంకోసారి అడిగింది. ఇంజనీరు కూడా ఇంకోసారి ఆలోచించి, కుదరదనే చెప్పింది. నాకైతే ఉంచాలనే ఉంది, కానీ ఆ రోజు నా ఓటుకు విలువ లేదు.

మధ్యాహ్నమయింది. కింది నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను. నేను రాసిన ఆ రెండు వాక్యాలు తుడిపేస్తానని మళ్లీ అన్నాను. అమ్మాయి వద్దంది.

“తుడువకుండ్రి సార్. తుడిస్తె నేనేదో చేసినట్టుంటది. అవి అట్లనే ఉంచి, కింద రాయుండ్రి.”

వాళ్ల ముందే కూర్చుని రాశాను. ఇంత చిన్న రాత నేను ఇంత కష్టపడి ఎప్పుడూ రాయలేదు. ‘ఈ మార్పు మనిషి రాసినదే. ప్రతి వరుసా ఎందుకో ఆమె చెప్పింది. అడగకుండా నిర్ణయించి, నియమం తప్పినది నేను. ఆమె తప్పుల్లేకుండా రాయడమే నాకు అనుమానం తెప్పించింది. ఆ అనుమానం నా అజ్ఞానం. క్షమించాలని అందరి ముందూ కోరుతున్నాను.’ కింద నా పేరు రాశాను. అమ్మాయి వంగి చదివి, ‘అనుమానం’ అన్న మాట రెండుసార్లు దగ్గరదగ్గరగా వచ్చింది, ఒకటి తీసేస్తే బాగుంటుందేమో అంది. తీయలేదు. రెండుసార్లు ఉండాల్సిన మాటే అది.

దిగేటప్పుడు అవ్వ మెట్ల దగ్గర ఆగి, నా వైపు తిరిగింది.

“ఇగ మనిషేనా?”

“మనిషే అవ్వా.”

“కాయితం రాసిచ్చిండ్రా?”

రాసిచ్చారని మనుమరాలు చెప్పింది. అప్పుడు దిగింది.

ఆ క్షమాపణ ఫోన్లలో ఎంతమంది తిప్పారో నాకు తెలియదు. మొదటిదాని అంత మాత్రం తిరగలేదు, అది లోకం తీరు. అయితే ట్రైనింగ్ వాళ్లు చూశారు. వాళ్లు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న దాని గురించేనట. ప్రతి వరుసా చెప్పావా అని అడిగారట. మంగళవారం తప్ప అన్నీ చెప్పానందట. తీసుకున్నారు. క్లాసులో ‘మిషిన్’ అన్న పేరు మాత్రం పోలేదు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచి, తమ ప్రాజెక్టు పనులు చూసిపెట్టమంటున్నారని నవ్వుతూ చెప్పింది.

మేం కూడా కొంచెం మారాం. అనుమానం వచ్చినప్పుడు రాయడం మానేసి, ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టాం. ఫోన్ అంటే సగంమంది జవాబివ్వరు. జవాబిచ్చిన సగంలో ఒకరిద్దరు నిజంగానే నేర్చుకుంటామంటారు. ‘కొత్తవాళ్లకు’ పట్టికలో పనులు ఇప్పుడు నిదానంగా కదులుతున్నాయి. ఒక దీర్ఘం దిద్దడానికి మూడు రోజులు పట్టిన సందర్భాలున్నాయి. ఏఐ అయితే రెప్పపాటులో చేసేది, నాకు తెలుసు. నేను దాని శత్రువును కాను. మా ఆవిడ కీళ్లనొప్పుల మందుల చీటీలో ఏముందో దాన్నే అడుగుతాను. పిల్లలు నేర్చుకోవడానికి దాచిన పనులు మాత్రం దానికి ఇవ్వను.

నేను రిటైరయ్యాక కొత్తవాళ్లను చూసుకునే పని అవ్వ మనుమరాలికే ఇచ్చారు. మొన్న ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతులో విసుగు.

“సార్, ఒక పిల్ల వచ్చింది. బిచ్కుంద దిక్కు. నేను చేస్తె రెండు నిమిషాల పని, రెండు రోజుల సంది చెప్తున్న. అయితలేదు. నేనే చేసేద్దునా?”

పిల్ల ఏమంటోందని అడిగాను.

“ఆమె తప్పు కాదంట. మీరు రాసిన పాత కోడే చెత్తగ ఉన్నదంటుంది సార్.”

“చదివిందా మొత్తం?”

“చదివిందట.”

“అయితే దారిల పడ్డది,” అన్నాను. “ఇంకో రెండు రోజులు చెప్పు.”